డాక్టర్ ముందు నెట్ మాట ఎత్తితే ఎందుకంత కోపం?

వేకువ_చుక్క
అమ్మకి థైరాయిడ్. లెవోథైరాక్సిన్ మాత్ర చాలా ఏళ్లుగా వేసుకుంటోంది. ఈమధ్య టీఎస్‌హెచ్, అంటే ఒంట్లో థైరాయిడ్ హార్మోను తక్కువైతే రక్తపరీక్షలో పెరిగే అంకె, పెరుగుతూ పోతోంది. వెళ్లిన ప్రతిసారీ డోసు పెంచి పంపిస్తున్నారు తప్ప ఎందుకు పెరుగుతోందని ఎవరూ ఆరా తీయలేదు. నేనే కూర్చుని చదివాను. కాల్షియం గానీ ఐరన్ గానీ ఈ మాత్రతో కలిపి వేసుకుంటే మందు సరిగా ఒంటికి పట్టదట, కనీసం 4 గంటల తేడా ఉండాలట. అమ్మేమో ఎముకల కోసం ఇచ్చిన కాల్షియం మాత్రని పొద్దున్నే థైరాయిడ్ మాత్రతో పాటే మింగేస్తోంది. రెండూ రాసింది ఇద్దరు వేర్వేరు డాక్టర్లు. ఒకరు రాసింది ఇంకొకరు చూడలేదు.

సరేనని ఆ పేజీ ప్రింటు తీసుకెళ్లి థైరాయిడ్ డాక్టరుకి చూపించాను. ఆయన కాగితం వైపు కూడా చూడలేదు. "అన్నీ గూగులే చెప్తే ఇక్కడికెందుకొచ్చారు" అన్నారు, బయట కూర్చున్నవాళ్లకి కూడా వినబడేలా. ఇంటికొచ్చాక అమ్మ కూడా నన్నే తిట్టింది, అంత పెద్దాయనకి నువ్వు నేర్పుతావా అని.

చదువుకుని వెళ్లి అడగడం అంత నేరమా?

అడ్డగోలు_మాట
అడగడం నేరం కాదు, ప్రింటు తీయడం నేరం. చేతిలో కాగితం కనబడితే కొందరికి కోర్టు నోటీసులా ఉంటుంది.

గళ్ల_నోటుబుక్
కాల్షియం సంగతి నిజమే. దానికి నెట్ కూడా అక్కర్లేదు, మందు డబ్బాలో మడిచి పెట్టే ఆ చీమతలకాయంత అక్షరాల కాగితంలోనే ఉంటుంది. ఎవరూ విప్పరు, అంతే. నాన్నగారికి మందులు ఎక్కువ కాబట్టి నేను ఏ మందు, ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎప్పుడు వేసుకోవాలి అని ఒక నోటుబుక్‌లో గళ్లు గీసి రాసి పెట్టుకుంటాను. కొత్త డాక్టరు దగ్గరికెళ్లినా ముందు అదే బల్ల మీద పెడతాను. ఇంతవరకు దాన్ని చూసి ఎవరూ విసుక్కోలేదు.

కుడి_ఎడమ
వేకువ గారి విషయంలో నెట్ కరెక్టుగా చెప్పింది, బాగుంది. కానీ కరెక్టుగా చెప్పిన కథలే జనం ఇక్కడ రాస్తారు. మా బాబాయి ఒక వీడియో చూసి బీపీ మాత్రలు మానేశాడు, వాటివల్ల కిడ్నీలు పోతాయని అందులో ఎవడో చెప్పాడట. తీరా ఆయన కిడ్నీలు దెబ్బతిన్నది అదుపులో లేని బీపీ వల్ల. ఆ వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది. పిల్లల టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పరిశోధన పేపరు చూడండి. చూసింది 12 మంది పిల్లల్ని. దాన్ని అచ్చేసిన వైద్య పత్రికవాళ్లే 2010లో వెనక్కి తీసేసుకున్నారు. అయినా ఇవాళ్టికీ ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తూనే ఉంటారు.

రోజంతా ఇలాంటి వాటికి సమాధానం చెప్పే డాక్టరుకి విసుగు రాదా?

వేకువ_చుక్క
@కుడి_ఎడమ విసుగు రావచ్చండీ. కానీ నేను తీసుకెళ్లింది ఫార్వర్డ్ కాదు కదా. కాగితం చదివి "ఇది తప్పమ్మా" అన్నా ఒప్పుకునేదాన్ని. చూడనే చూడలేదు.

పాత_స్టెత్
ఉద్యోగంలోంచి దిగిపోయిన డాక్టరుని. ఆ డాక్టరు అలా అనడం తప్పే, అందులో నసగడానికేం లేదు.

అటువైపు కుర్చీలో ఏం జరుగుతుందో కూడా చెప్తాను. 1984లో అమెరికాలో ఒక పరిశీలన చేశారు. పేషెంటు బాధ చెప్పడం మొదలుపెట్టాక డాక్టరు సగటున 18 సెకన్లకే మధ్యలో అందుకుంటున్నాడని తేలింది. 1999లో మళ్లీ చూస్తే అది 23 సెకన్లు. అంటే మేం నెట్ రాకముందు నుంచే వినడంలో వీక్. ఇప్పుడు ఆ కాస్త టైములోనే కాగితాలు కూడా చదవమంటే చికాకు పుడుతుంది. అది నెట్ తప్పు కాదు, మీ తప్పు అసలే కాదు.

ఇక అసలు విషయం, దయచేసి ఇది జాగ్రత్తగా చదవండి. మీరు చదివింది నిజం. అలాగని ఇంట్లో మీకు మీరే కాల్షియంని సాయంత్రానికి మార్చేయకండి. మందు సరిగా పట్టక టీఎస్‌హెచ్ పెరిగింది, దానికి తగ్గట్టు డోసు పెంచుకుంటూ వచ్చారు. ఇప్పుడు కాల్షియం పక్కకి తీస్తే ఆ పెంచిన డోసు మొత్తం ఒంటికి పడుతుంది. పెద్ద వయసులో థైరాక్సిన్ ఎక్కువైతే గుండె దడ, లయ తప్పడం, ఎముకలు ఇంకా పలచబడటం. ఎముకల కోసమే కదా కాల్షియం ఇచ్చింది! టైము మార్చాలి, డోసు మళ్లీ చూడాలి, 6 నుంచి 8 వారాల తర్వాత టీఎస్‌హెచ్ చేయించాలి. ఇవన్నీ కలిపి చేయాల్సినవి.

కుడి_ఎడమ
నేను మొత్తుకునేది ఇదే. పేజీలో ఉన్నది నిజమే అయినా ఆ పేజీకి వాళ్లమ్మ డోసు ఎంతో తెలీదు.

వేకువ_చుక్క
ఇంకా ఏమీ మార్చలేదండీ, డాక్టరుగారిని అడిగాకే అనుకున్నాను. ఇది మాత్రం నేను చదివిన ఏ పేజీలోనూ కనబడలేదు. చాలా థాంక్స్ సార్. మరి నేను ఎలా అడిగి ఉంటే ఆయన వినేవారు?

పాత_స్టెత్
కాగితం తీయకముందే ఒక్క వాక్యం. "అమ్మ రెండు మాత్రలూ పొద్దున్నే కలిపి వేసుకుంటోంది, దానివల్ల ఏమైనా తేడా వస్తుందా?" అంతే. ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పండి, అది మాకు తెలియని సమాచారం. తర్వాత ఆలోచించాల్సింది మేమే.

అడ్డగోలు_మాట
అంటే సమాధానం తెలిసీ తెలియనట్టు అడగాలన్నమాట. మా ఆఫీసులో బాసు దగ్గర నేను రోజూ చేసేది ఇదే.

ల్యాబ్_రాత్రులు
డాక్టర్ల మీద ఇన్ని పడ్డాయి కాబట్టి మా ల్యాబ్ వైపు నుంచి కూడా కొంచెం. రిపోర్టు ఫోన్‌కి రాగానే జనం చూసేది ఎర్ర అంకె, పక్కన స్టార్. వెంటనే దాన్ని కాపీ చేసి సెర్చ్‌లో వేస్తారు, అరగంటలో ప్రాణాంతక వ్యాధి ఖాయం.

చాలా టెస్టులకి నార్మల్ రేంజ్ ఎలా గీస్తారో తెలుసా? ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం తీసుకుని, మధ్యలో 95 శాతం మంది ఎక్కడ పడ్డారో చూస్తారు. అదే రేంజ్. అంటే ఏ జబ్బూ లేనివాళ్లలోనే నూటికి 5 మంది గీత బయట ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని టెస్టులు 20 చేయించారనుకోండి, నిక్షేపంగా ఉన్న మనిషికి కూడా కనీసం ఒక్కదాని పక్కనైనా స్టార్ పడే అవకాశం 64 శాతం. లెక్క వేసుకోండి కావాలంటే. ఆ ఫుల్ బాడీ ప్యాకేజీలు చేయించుకుని కంగారుపడే వాళ్లందరికీ ఇది చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

ఇంకోటి. పొటాషియం ఎక్కువ అని వస్తే ముందు రిపోర్టు కింద చిన్నక్షరాలు చూడండి. రక్తం తీసేటప్పుడో ట్యూబు తెచ్చేటప్పుడో కణాలు చితికితే లోపలి పొటాషియం బయటికొచ్చేస్తుంది, అంకె ఎక్కువ చూపిస్తుంది. 'హీమోలైజ్డ్ శాంపిల్' అని రాసి ఉంటే మళ్లీ రక్తం ఇమ్మంటారు. సెర్చ్ చేసేముందు ఆ లైను చదివితే చాలా టెన్షన్ తగ్గుతుంది.

మబ్బుల్లో
64 శాతమా! నేను పోయినసారి ఒక్క స్టార్ చూసి వీలునామా దాకా వెళ్లాను.

చిట్టి_గవ్వ
ల్యాబ్ గారూ, జుట్టు రాలుతోందని నేను బయోటిన్ అనే విటమిన్ మాత్ర వేసుకుంటున్నాను. దానివల్ల థైరాయిడ్ టెస్టు తప్పు వస్తుందని ఎక్కడో చదివాను. నిజమేనా, లేక అది కూడా ఫార్వర్డేనా?

ల్యాబ్_రాత్రులు
నిజం. కొన్ని రకాల టెస్టు కిట్లలో బయోటిన్ వాడతారు, అందుకని ఒంట్లో బయోటిన్ ఎక్కువగా ఉంటే రీడింగు తారుమారవుతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఇంకా ప్రమాదం ఏంటంటే గుండెపోటు కోసం చేసే ట్రోపోనిన్ కూడా తక్కువ చూపించొచ్చు. అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరిక ఇచ్చింది. రక్తం ఇచ్చేముందు బయోటిన్ వేసుకుంటున్నామని చెప్పండి, ఎప్పటి నుంచి ఆపాలో వాళ్లు చెప్తారు. వేకువ గారి అమ్మగారిది పెరుగుతోంది కాబట్టి అక్కడ ఇది కాదు.

చిట్టి_గవ్వ
చూశారా, ఇంతవరకు నన్ను ఏ ల్యాబ్‌లోనూ అడగలేదు. చదవకపోతే నాకు తెలిసేదే కాదు.

మబ్బుల్లో
నా రకం వాళ్ల గురించి కూడా మాట్లాడండి. నాకు తలనొప్పి వస్తే నెట్‌లో రెండో లైనుకే బ్రెయిన్ ట్యూమర్. అర్ధరాత్రి మొదలుపెడితే తెల్లారేసరికి ఇంకో మూడు జబ్బులు. లక్షణాలు టైప్ చేస్తే జబ్బు పేరు చెప్పే సైట్లు మరీ ఘోరం.

పాత_స్టెత్
@మబ్బుల్లో ఆ సైట్లని 2015లో పరీక్షించారు, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 23 సైట్లు, యాప్‌లు చూశారు. అసలు జబ్బు పేరు జాబితాలో మొట్టమొదట వచ్చింది 34 శాతం సార్లే. వాటికి మీ వయసు, మీ నిద్ర, మీ కళ్లజోడు పవరు ఏమీ తెలీదు. అర్ధరాత్రి వెతకడం మాత్రం మానేయండి, ఇది మందు చీటీ లేకుండానే ఇస్తున్నాను.

నిద్రలేని_నాన్న
మీరంతా జబ్బు పేరు కనుక్కోవడం గురించే మాట్లాడుతున్నారు. మాలాంటి వాళ్లకి జబ్బు పేరు ఎప్పుడో తెలిసిపోయింది. మా అబ్బాయికి టైప్ 1 డయాబెటిస్. డాక్టర్ని చూసేది కొన్ని నెలలకోసారి. మిగతా రోజులన్నీ ఎంత ఇన్సులిన్, ఎప్పుడు, జ్వరమొస్తే ఏంటి, ఆటల పీరియడ్ ఉంటే ఏంటి, ఇవన్నీ ఇంట్లోనే తేల్చుకోవాలి. నాకు నేర్పింది ఎక్కువగా ఇలాంటి పిల్లల తల్లిదండ్రులే, నెట్‌లోనే.

2013లో అమెరికాలో ఒక తండ్రి ఏం చేశాడంటే, కొడుకు ఒంటికున్న గ్లూకోజ్ సెన్సర్ రీడింగులు స్కూల్లో ఉన్నప్పుడు తనకి కనబడట్లేదని, తనే కోడ్ రాసి వాటిని నెట్‌కి ఎక్కించేశాడు. ఆఫీసులో కూర్చుని చూసుకునేవాడు. దాన్ని పట్టుకుని మిగతా తల్లిదండ్రులు కలిసి నైట్‌స్కౌట్ అని తయారుచేసి ఉచితంగా పంచారు. కంపెనీల కోసం మేం ఆగం అన్నదే వాళ్ల నినాదం. తర్వాత సెన్సర్ చూసి ఒంటికి ఇన్సులిన్ ఎక్కించే పంపుని తనంతట తనే సర్దే లూప్ యాప్ కూడా ఇలాంటివాళ్లే రాసుకున్నారు. దాని ఆధారంగా చేసిన టైడ్‌పూల్ లూప్‌కి 2023లో ఎఫ్‌డీఏ అనుమతి కూడా వచ్చింది. పేషెంట్ల ఇళ్లలో పుట్టిన వస్తువు అది.

రాత్రి రెండింటికి షుగరు 58 చూపించి అలారం కొడితే నాకు డాక్టరు దొరకడు. ముందు చేతిలో ఉన్న గ్లూకోజ్ ఇస్తాను. పావుగంట ఆగి మళ్లీ చూస్తాను. అది నాకు నేర్పినవాళ్లని 'గూగుల్ డాక్టర్లు' అంటే ఒప్పుకోను.

కుడి_ఎడమ
@నిద్రలేని_నాన్న మీది వేరు సార్. రోజూ చేసే పని మీకు డాక్టరుకన్నా బాగా తెలుస్తుంది, కాదనను. మందు తప్పితే రీడింగు అప్పుడే చెప్పేస్తుంది కూడా. బీపీకి అలా ఉండదు. మా బాబాయికి మాత్ర మానేశాక కొన్నాళ్లు హాయిగానే ఉంది, అదే కొంప ముంచింది.

రెండో_మాట
డేవ్ డిబ్రోంకార్ట్ గురించి ఎవరూ చెప్పలేదేంటి? ఈ-పేషెంట్ డేవ్ అని అంటారు. 2007లో ఆయనకి కిడ్నీ క్యాన్సర్ బయటపడింది, అప్పటికే ఊపిరితిత్తులకి, ఎముకలకి పాకింది. ఆయన డాక్టరే చెప్పాడు, ఫలానా చోట ఇదే జబ్బున్నవాళ్లు ఆన్‌లైన్‌లో మాట్లాడుకుంటారు, చేరు అని. అక్కడివాళ్లు కాసేపట్లోనే చెప్పారట: ఇంటర్‌ల్యూకిన్-2 అనే మందు ఉంది, అందరికీ పనిచేయదు, పనిచేస్తే చాలాకాలం నిలుస్తుంది, చాలా ఆసుపత్రుల్లో ఇవ్వరు కాబట్టి వాళ్లు ఆ మాట ఎత్తకపోవచ్చు, ఇచ్చే డాక్టర్లు వీళ్లు. ఆయన బతికాడు. తర్వాత ఆయనా ఆ డాక్టరూ ఇంకొందరితో కలిసి పేషెంట్లకీ డాక్టర్లకీ ఉమ్మడిగా ఒక సంఘమే పెట్టారు, 2009లో.

కుడి_ఎడమ
బతికినాయన స్టేజీ ఎక్కి మాట్లాడతాడు. ఆ మందుకి జబ్బు పూర్తిగా మాయమైనవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. మిగతావాళ్లు వచ్చి ఉపన్యాసం ఇవ్వలేరు కదా.

రెండో_మాట
ఆ మాట వాళ్లే ముందు చెప్పారంటున్నాను కదా! అందరికీ పనిచేయదు అనీ, సైడ్ ఎఫెక్టులు ప్రాణం మీదికి తెస్తాయనీ. వాటిని ఎలా తట్టుకున్నారో అనుభవించినవాళ్లు రాసి పంపారు. అది అబద్ధపు ఆశ ఎలా అవుతుంది?

డేవ్ కథలో ఇంకో ముక్క నాకు ఎక్కువ ఇష్టం. 2009లో తన రికార్డు ఆసుపత్రి నుంచి గూగుల్ హెల్త్‌లోకి (అప్పట్లో ఆరోగ్య రికార్డులు దాచుకునే ఆన్‌లైన్ సర్వీసు) తెచ్చుకుంటే, తనకి లేని జబ్బులన్నీ అందులో కనబడ్డాయి. బిల్లింగ్ కోసం వేసిన కోడ్‌లు జబ్బుల జాబితాలోకి వచ్చేశాయి. ఎప్పటివో తేదీలు కూడా లేవు. ఆయన చూశాడు కాబట్టి బయటపడింది. మీ రికార్డు మీరెప్పుడైనా మొత్తం చదివారా?

గళ్ల_నోటుబుక్
చదివాను. నాన్నగారికి పెన్సిలిన్ అలర్జీ అని ఉంది. లేదు. ఎప్పుడో ఎవరో రాశారు, అలాగే పాకుతూ వచ్చింది. తీయించడానికి అలర్జీ టెస్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

@కుడి_ఎడమ ఆశల మాట వచ్చింది కాబట్టి. ఏఎల్ఎస్ అని కండరాలు చచ్చుబడిపోయే జబ్బు ఉంది. లిథియం ఇస్తే అది నెమ్మదిస్తుందని 2008లో ఇటలీ నుంచి ఒక చిన్న అధ్యయనం వచ్చింది. పేషెంట్స్‌లైక్‌మీ అనే వేదికలో ఉన్న ఏఎల్ఎస్ పేషెంట్లలో కొందరు డాక్టర్ల చేత రాయించుకుని లిథియం మొదలుపెట్టారు, ఎవరికెలా ఉందో అంకెల్లో నమోదు చేసుకుంటూ వెళ్లారు. వేసుకోనివాళ్లతో పోల్చి చూస్తే తేడా ఏమీ లేదు. ఆ ఫలితం 2011లో నేచర్ బయోటెక్నాలజీలో వచ్చింది. ఆశ పెట్టుకున్నవాళ్లే లెక్కపెట్టి, పనిచేయట్లేదని తేల్చారు. అంత నిజాయితీ నాకైతే ఉండేదో లేదో.

కుడి_ఎడమ
ఇది నాకు తెలీదు. బాగుంది. నా గొడవ లెక్కపెట్టని వాళ్లతోనే.

రెండో_మాట
ఇంకొకటి, గుండె రక్తనాళం లోపలిపొర చీలి వచ్చే గుండెపోటు, ఎస్‌క్యాడ్ అంటారు. ఎక్కువగా ఆడవాళ్లకి, పెద్ద వయసు రాకముందే వస్తుంది. అరుదని చెప్పి దాని మీద పెద్దగా పని జరగలేదు. నెట్‌లో ఒకరినొకరు వెతికి పట్టుకున్న ఆడవాళ్లే అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి డాక్టర్ని అడిగారు, మేం ఇంతమందిమి ఉన్నాం, మా మీద పరిశోధన చేయండి అని. 12 మందితో మొదలైన అధ్యయనం 2011లో అచ్చయింది.

తెల్ల_కాగితం
నేనుండేది అమెరికాలో. ఇక్కడ 2021 ఏప్రిల్ నుంచి రూలు, రిపోర్టు తయారవగానే ఆలస్యం చేయకుండా పేషెంటుకి అందుబాటులో ఉంచాలి. నా బయాప్సీ రిపోర్టు ఒక శుక్రవారం సాయంత్రం ఫోన్లో టింగుమంది. 'కార్సినోమా', అంటే క్యాన్సర్, అన్న మాట దాకా చదివాను. సోమవారం దాకా డాక్టరు దొరకలేదు. ఆ రెండు రోజులు ఎలా గడిచాయో అడక్కండి. తర్వాత తెలిసింది, తొలిదశదేనని, ఆపరేషన్‌తో సరిపోతుందని. అదంతా కింద పేజీలోనే ఉంది, నాకు అర్థం కాని మాటల్లో.

పాత_స్టెత్
బాధాకరం తల్లీ. అందుకే ఆ రూలు అంటే నాకు ముందు నుంచీ భయం.

తెల్ల_కాగితం
లేదు సార్, రూలు తీసేయమని నేననను. ఎప్పుడు చూడాలో నేను నిర్ణయించుకుంటాను. ఇప్పుడు నోటిఫికేషన్ ఆఫ్ చేశాను. టెస్టు రాసినప్పుడే అడుగుతాను, ఏమేం రావచ్చు, వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అని. డాక్టరు రాసుకునే నోట్స్ కూడా చదువుతాను, మందు ఎందుకు మార్చారో అక్కడే అర్థమవుతుంది.

పాత_స్టెత్
నోట్స్ విషయంలో మీరు నెగ్గారు. ఓపెన్‌నోట్స్ అని 2010లో అమెరికాలో మూడు చోట్ల వందమందికి పైగా డాక్టర్లు తమ నోట్స్ పేషెంట్లకి చూపించి చూశారు. ఫోన్లు మోగిపోతాయి, పని పెరుగుతుంది అని డాక్టర్లు హడలిపోయారు. ఏడాది తర్వాత అడిగితే పేషెంట్లలో 99 శాతం కొనసాగించమన్నారు, ఒక్క డాక్టరు కూడా ఆపేస్తానని అనలేదు. నేనైతే నా నోట్స్ చూపించలేను, నా చేతిరాత నాకే అర్థం కాదు.

వేకువ_చుక్క
చిన్న అప్‌డేట్. కాల్షియం రాసిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. నోటుబుక్ గారిలా గళ్లు గీసి ఒక్క పేజీ పట్టుకెళ్లాను, స్టెత్ గారి వాక్యమే అడిగాను. ఆమె వెంటనే కాల్షియం రాత్రి భోజనం తర్వాతకి మార్చారు, థైరాక్సిన్ డోసు గురించి మొదటి డాక్టరుకి ఉత్తరం రాసిచ్చారు. ఈసారి ఆయన ఆ ఉత్తరం చదివారు. డోసు ఒక మెట్టు తగ్గించి 6 వారాలకి మళ్లీ రక్తం ఇమ్మన్నారు. గూగుల్ గురించి ఎవరూ మాట్లాడలేదు.

అడ్డగోలు_మాట
అదే విషయం, అదే కాగితం. పైన ఇంకో డాక్టరు సంతకం పడింది, అంతే!

నిద్రలేని_నాన్న
నవ్వొస్తోంది, ఒళ్లు మండుతోంది కూడా.

చిట్టి_గవ్వ
నాదొక ప్రశ్న. మా అన్నయ్య ఇప్పుడు సెర్చ్ కూడా చేయట్లేదు, స్కాన్ రిపోర్టు ఫొటో తీసి నేరుగా చాట్‌బాట్‌కి పెట్టేస్తున్నాడు. అది చక్కగా తెలుగులో చెప్తోంది. ఎంతవరకు నమ్మొచ్చు?

ల్యాబ్_రాత్రులు
ముందు ఫొటోలో పేరు, ఫోన్ నంబరు, పేషెంటు ఐడీ, బార్‌కోడు కత్తిరించమనండి. అది ఎక్కడ దాచుకుంటుందో మీకు తెలీదు. ఫొటోలోంచి అంకె తప్పు చదవడం కూడా జరుగుతుంది. 1.0ని 10 అని చదివితే ఆ తర్వాత చెప్పేదంతా కట్టుకథే.

గళ్ల_నోటుబుక్
నేనూ వాడతాను, రిపోర్టులో మాటలకి అర్థం అడగడానికి, డాక్టర్ని ఏమేం అడగాలో రాసిపెట్టమనడానికి. మందు మార్చాలా వద్దా అని అడగను. ఆధారం చూపించమంటే ఒకసారి లేని పేపరు పేరు చెప్పింది, వైద్య పరిశోధన పేపర్ల వివరాలుండే పబ్‌మెడ్ సైట్‌లో వెతికితే దొరకలేదు. పబ్‌మెడ్ ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అందులో ఇంగ్లీషు కష్టంగా ఉంటే మెడ్‌లైన్‌ప్లస్ చూడండి, మామూలు జనం కోసమే రాస్తారు.

కుడి_ఎడమ
ఒకటి కలుపుతాను. నెట్‌లో గానీ బాట్ గానీ "రిస్క్ 50 శాతం తగ్గుతుంది" అంటే, ఎంత నుంచి ఎంతకి అని అడగండి. వెయ్యిమందిలో 2 నుంచి 1కి తగ్గినా 50 శాతమే, 400 నుంచి 200కి తగ్గినా 50 శాతమే.

చిట్టి_గవ్వ
బార్‌కోడు సంగతి అన్నయ్యకి ఇప్పుడే చెప్పాను. ఇప్పటికే పెట్టేసినవి తీసేయొచ్చా?

ల్యాబ్_రాత్రులు
చాట్ డిలీట్ చేయమనండి. సెట్టింగ్స్‌లో మన డేటాతో శిక్షణ ఇవ్వడానికి అనుమతి ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయమనండి. అంతకుమించి మన చేతిలో లేదు.